జీపును గీసింది ఎవరు? ప్రాబ్స్ట్ వాదం, రంగం సాక్ష్యం

ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలపు అమెరికా కార్ల రూపకర్తలు అనగానే హార్లీ ఎర్ల్, వర్జిల్ ఎక్స్‌నర్, రేమండ్ లోవీ పేర్లు ముందుకొస్తాయి. వెనకవైపు రెక్కల్లా లేచిన అంచులు, తళతళలాడే క్రోమియం పట్టీలు, ఏటేటా మారే మోడళ్లు ఆ కాలపు సంబరం. అలాంటి బండ్లు మన రోడ్లమీద తిరిగింది తక్కువ. అదే తరంలో అంత పేరులేని ఇంజనీరు ఒకడు రెండు రోజుల్లో గీసిన బండి, దాని వారసులు మాత్రం పాడేరు ఘాట్లో సంతకు వెళ్లే జనాన్ని మోశాయి, పోలీసు స్టేషన్ల ముందు నిలబడ్డాయి, ఎన్నికలొస్తే మైకు కట్టుకుని ఊరూరా తిరిగాయి, సముద్రం అవతల బర్మాలో రైలు పట్టాలు కూడా ఎక్కాయి. ఆ ఇంజనీరు కార్ల్ ప్రాబ్స్ట్. ఆ బండి జీపు. దాన్ని ప్రాబ్స్ట్ గీశాడా, గీసినంత మాత్రాన అది అతనిదేనా అనే తగవు 1940 నుంచి నడుస్తూనే ఉంది. సైన్యం, మూడు కంపెనీలు, ప్రభుత్వ కమిషను, చరిత్రకారులు, చివరికి వాణిజ్య న్యాయవాదులు కూడా అందులో తలదూర్చడంతో ఎవరు దేనిగురించి వాదిస్తున్నారో తెలియని స్థితి వచ్చింది.

ఈ చిక్కుకు మూలం ఒకే ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోవడమని నా అభిప్రాయం. బండిలో ఏ భాగం ఎక్కడ కూర్చోవాలో తేల్చినవాడు ఒకడు. దాన్ని లక్షల సంఖ్యలో తయారుచేయగల యంత్రంగా మలిచినవాడు ఇంకొకడు. ఫ్యాక్టరీ ఊహించిన ఆయుష్షు తీరిపోయాక కూడా దాన్ని బతికించినవాడు మూడోవాడు. అమెరికాలో జరిగిన వాదమంతా మొదటి ఇద్దరి మధ్యే సాగింది. మూడోవాడి పని చూడాలంటే డెట్రాయిట్‌ను వదిలి మనవాళ్లు రంగం అని పిలుచుకున్న రంగూన్‌కు, దాని శివారు ఇన్సేన్‌కు వెళ్లాలి.

49 రోజుల గడువు

ప్రాబ్స్ట్ 1883లో వెస్ట్ వర్జీనియాలో పుట్టాడు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి, మోటారు పరిశ్రమ ఇంకా బాల్యంలో ఉన్న రోజుల్లోనే అందులో చేరాడు. ఒక కంపెనీలో స్థిరపడకుండా అనేక చోట్ల పనిచేసిన తరం అతనిది. 1940 వేసవి నాటికి వయసు 56. డెట్రాయిట్‌లో స్వతంత్రంగా పనులు చేసుకుంటున్నాడు. అప్పటికి ఐరోపాలో జర్మన్ సేనలు ఫ్రాన్సును మింగేశాయి. గుర్రం, మోటారు సైకిలు చేసే పనులన్నీ చేయగల చిన్న బండి కావాలని అమెరికా సైన్యం ఆ జులైలో 135 కంపెనీలకు పిలుపిచ్చింది. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందాలి, ముగ్గురు మనుషులతోపాటు మెషిన్‌గన్ మోయాలి, ముందు అద్దం మడతపడాలి, బరువు 1,300 పౌండ్లు, అంటే సుమారు 590 కిలోలు దాటకూడదు. మొదటి నమూనా 49 రోజుల్లో చేతికి రావాలి. పెద్ద కంపెనీలు మొహం చాటేశాయి. నిలబడింది పెన్సిల్వేనియాలోని బట్లర్ ఊళ్లో దివాలా అంచున ఉన్న అమెరికన్ బాంటమ్, దాని వెనకే విల్లీస్ ఓవర్‌ల్యాండ్.

బాంటమ్‌కు అప్పుడు డిజైను విభాగమంటూ మిగల్లేదు. కాంట్రాక్టు దక్కితేనే డబ్బు అనే షరతుమీద ప్రాబ్స్ట్‌ను పిలిపించింది. జనరల్ మోటార్స్ మాజీ అధ్యక్షుడు, అప్పుడు దేశరక్షణ సలహా సంఘంలో ఉన్న విలియం నుడ్సెన్ మాట మీదనే అతను ఒప్పుకున్నాడని చెబుతారు. జులై 17న బట్లర్ చేరి రెండు రోజుల్లో మొత్తం అమరిక గీశాడు. ఈ రెండు రోజుల కథను వింతగా చెప్పడం అలవాటైపోయింది గాని అందులో మంత్రమేమీ లేదు. ఏ భాగం ఎక్కడ రెడీమేడ్‌గా దొరుకుతుందో పాతికేళ్లకు పైబడిన అనుభవం అతనికి చెప్పింది. ఇరుసులు టొలీడోలోని స్పైసర్ కంపెనీవి, స్టూడిబేకర్ ఛాంపియన్ కారుకు వాడే రకాన్నే మార్చి బిగించారు. ఇంజను కాంటినెంటల్‌ది, 45 అశ్వశక్తి. 1,300 పౌండ్లలో ఇది సాధ్యం కాదని ప్రాబ్స్ట్‌కు తెలుసు. అయినా టెండరు కాగితాల మీద బరువు ఆ పరిమితికి లోబడే ఉంది. సెప్టెంబరు 23న, గడువు ముగిసే రోజే, మేరీలాండ్‌లోని హోలబర్డ్ సైనిక శిబిరానికి చేరిన బండి 1,800 పౌండ్లు దాటింది. సైన్యం బండిని వెనక్కి పంపలేదు, తర్వాత బరువు పరిమితినే 2,160 పౌండ్లకు పెంచింది. టెండరు గెలవడానికి తప్పు బరువు రాసిన బండి చివరికి టెండరు షరతునే మార్చించిందన్నమాట.

నలుగురు హక్కుదారులు

మొదటి వర్గం బాంటమ్ అభిమానులది. వాళ్ల లెక్కలో ప్రాబ్స్ట్ ఒంటరి మేధావి, అతన్ని పెద్ద కంపెనీలు దోచుకున్నాయి. ఇందులో సగం నిజం కొట్టిపారేయలేనిది. బాంటమ్ నమూనా హోలబర్డ్‌లో పరీక్షలు ఎదుర్కొంటుండగానే విల్లీస్, ఫోర్డ్ ఇంజనీర్లు దాన్ని దగ్గరగా చూసే అవకాశం సైన్యమే కల్పించింది, నక్షాలు కూడా వాళ్లకు అందాయి. చిన్న కంపెనీ యుద్ధకాలపు గిరాకీని తట్టుకోలేదన్నది సైన్యం భయం. బాంటమ్ చివరికి చేసిన జీపులు మూడు వేల లోపే. ఆ తర్వాత దానికి దక్కింది జీపు వెనక తగిలించే ట్రెయిలర్ల పని. ఈ అన్యాయం గురించి చెప్పేటప్పుడు ప్రాబ్స్ట్ పక్షం అతని సొంత జ్ఞాపకాల మీదే ఎక్కువగా ఆనుకుంటుంది. హారొల్డ్ క్రిస్ట్ వంటి బాంటమ్ ఫ్యాక్టరీ మనుషుల పాత్ర అందులో చిన్నబోతుంది. నక్షా కాగితాన్ని లోహంగా మార్చిన ఆ కొద్ది వారాల్లో షాపు ఫ్లోరు మీద జరిగిన సవరణలు గీతల కంటే తక్కువవి కావు.

రెండో వర్గం సైన్యాన్ని ముందుకు తెస్తుంది. 1937లోనే కెప్టెన్ రాబర్ట్ హౌవీ ఫోర్ట్ బెన్నింగ్‌లో నేలకు అంటుకున్నంత ఎత్తుతో, పడుకుని నడిపే చిన్న బండి తయారుచేశాడు. 1940 జూన్‌లో సైనికాధికారులు బట్లర్‌కు వెళ్లి బాంటమ్ చిన్న కార్లను పరీక్షించాకే షరతుల జాబితా తయారైంది. ఆ జాబితాయే అసలు డిజైను, ప్రాబ్స్ట్ దాన్ని నింపినవాడు మాత్రమే అని వీరి వాదం. దీంతో నాకు సగమే ఏకీభావం. షరతు ఏం కావాలో చెబుతుంది, ఎలా సాధ్యమో చెప్పదు. బరువు విషయంలో ఆ జాబితా అసాధ్యాన్నే కోరిందని చరిత్రే రుజువు చేసింది. కొనేవాడు చెప్పిన కోరికను రూపకల్పన అంటే ప్రతి ఇంటి యజమానీ వాస్తుశిల్పే అవుతాడు.

మూడో వర్గం విల్లీస్‌ది. అక్కడి ప్రధాన ఇంజనీరు డెల్మార్ రూస్, అందరూ బార్నీ అనేవారు. స్టూడిబేకర్‌లో పేరు తెచ్చుకుని వచ్చినవాడు. విల్లీస్ నాలుగు సిలిండర్ల ఇంజనుకు పదును పెట్టి 60 అశ్వశక్తికి తెచ్చాడు. కొండ ఎక్కేటప్పుడు బాంటమ్ రొప్పే చోట విల్లీస్ సాఫీగా సాగిందంటే కారణం ఆ ఇంజనే. బరువు పరిమితి దాటినప్పుడు బండిని ముక్కముక్కలుగా విప్పించి, ప్రతి భాగం నుంచీ ఎంతో కొంత తగ్గించి, రంగు పూత మందం దాకా లెక్కచూసి పరిమితిలోపల పెట్టాడు. నాలుగో హక్కుదారు ఫోర్డ్ గురించి చరిత్రకారులు తక్కువ మాట్లాడతారు. కానీ జీపు మొహం అని మనం గుర్తుపట్టేది ఫోర్డ్ ఇచ్చిందే. బల్లపరుపు బానెట్, దీపాలను లోపల పెట్టుకున్న ముందు భాగం ఫోర్డ్ నమూనాలో ఉన్నాయి. విల్లీస్ మొదట్లో ఇనుప పట్టీలు వెల్డింగు చేసి గ్రిల్లు కట్టేది. ఒకే రేకును అచ్చుకొట్టి నిలువు చీలికలతో తీసే ఫోర్డ్ పద్ధతి చౌక కావడంతో అదే స్థిరపడింది. యుద్ధం ముగిసే నాటికి రెండు కంపెనీలూ కలిపి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి.

ఈ వాదన ఒక్కసారి అధికారిక తీర్పు దాకా వెళ్లింది. యుద్ధకాలంలో విల్లీస్ తానే జీపును సృష్టించానని ప్రకటనలు గుప్పిస్తే, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1943లో అభియోగం మోపింది. 1948లో ఆ ప్రకటనలు మానమని ఆదేశించింది, ఆలోచన బాంటమ్ కొందరు సైనికాధికారులతో కలిసి రూపొందించినదని తేల్చింది. అయితే ఆ తర్వాత, 1950లో, జీపు అనే పేరు విల్లీస్ ట్రేడ్‌మార్కుగా నమోదైంది. బాంటమ్‌కు నైతిక విజయం మిగిలింది, పేరు విల్లీస్ దగ్గర ఉండిపోయింది. ప్రాబ్స్ట్ 1963లో చనిపోయేనాటికి అతని పేరు వాహన చరిత్ర పుస్తకాల బయట పెద్దగా ఎవరికీ తెలియదు.

నాలుగు వాదాలనూ పక్కపక్కన పెడితే, వాళ్లు ఒకరినొకరు ఖండించుకుంటున్నట్టు పైకి కనిపించినా వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారని తెలుస్తుంది. సైన్యానిది అవసరం, ప్రాబ్స్ట్‌ది అమరిక, రూస్‌ది శక్తి, ఫోర్డ్‌ది అచ్చు. అమరిక విషయంలో ప్రాబ్స్ట్ హక్కును విల్లీస్, ఫోర్డ్ నమూనాలే ఒప్పుకుంటున్నాయి. ముందు ఇరుసు, మధ్యలో శక్తిని రెండువైపులా పంచే పెట్టె, వెనక ఇరుసు, వాటి మీద విడిగా కూర్చునే తొట్టిలాంటి బాడీ అనే వరస రెండింటిలోనూ ప్రాబ్స్ట్‌దే.

లోతులేని అచ్చులు

ఇక్కడ ఇంకో రూపకర్తను తీసుకురావాలి. మిల్వాకీకి చెందిన బ్రూక్స్ స్టీవెన్స్ 1946లో విల్లీస్ కోసం జీపు స్టేషన్ వ్యాగన్ గీశాడు, పూర్తి ఉక్కు బాడీ ఉన్న తొలి స్టేషన్ వ్యాగన్లలో అదొకటి. దాని పక్కలు బల్లపరుపుగా ఉండటం సౌందర్య దృష్టితో వచ్చింది కాదు. కార్ల బాడీలు చేసే పెద్ద కంపెనీలు విల్లీస్‌కు పని చేసిపెట్టే తీరికలో లేకపోవడంతో ఇళ్లలో వాడే యంత్రాలకు రేకులు అచ్చుకొట్టే ఫ్యాక్టరీలను ఆశ్రయించారు. ఆ ప్రెస్సులు రేకును ఆరంగుళాలకు మించి లోతుగా వంచలేవు. స్టీవెన్స్ ఆ పరిమితిలోనే గీశాడు. ఇదే స్టీవెన్స్ 1954లో, కొనేవాడికి అవసరానికి కాస్త ముందే కొత్తది కావాలనిపించేలా చేయడం అనే సిద్ధాంతాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. పాతది చెడిపోకముందే పాతబడాలన్నది దాని సారం. అదే మనిషి గీసిన జీపు వ్యాగన్‌ను మాత్రం లోతు తక్కువ ప్రెస్సులు ఆ సిద్ధాంతానికి లొంగకుండా చేశాయి. బల్లపరుపు రేకు డొక్కుపడితే సుత్తి, దిమ్మె ఉన్న ఏ టింకరింగ్ షెడ్డులోనైనా సరవుతుంది. ఎక్స్‌నర్ గీసిన 1957 నాటి క్రైస్లర్ రెక్కలకు దెబ్బ తగిలితే ఫ్యాక్టరీ ప్రెస్సు తప్ప దిక్కులేదు.

అంటే జీపులో మన్నిక అనే గుణం ఏ ఒక్కరి సంకల్పమూ కాదు. సైన్యానికి బరువు ముఖ్యం, ప్రాబ్స్ట్‌కు గడువు, ఫోర్డ్‌కు ఖర్చు. గడువు కోసం ఎక్కడైనా దొరికే భాగాలు, బరువు కోసం పలుచని విడి బాడీ, ఖర్చు కోసం సాదా రేకు ఎంచుకున్నారు. యుద్ధంలో బండి కొన్ని నెలలు బతికితే చాలనుకున్నారు. ఈ మూడు తొందరలూ కలిసి ఎక్కడైనా విప్పి, ఎక్కడైనా బిగించగల బండిని తయారుచేశాయి.

ఇన్సేన్ చెప్పేది

రంగం నడిబొడ్డుకు ఉత్తరాన ఉన్న ఇన్సేన్ బయటి ప్రపంచానికి జైలు వల్ల తెలుసు. పరిశ్రమ చరిత్రలో దాని స్థానం రైలు ఇంజన్ల వర్క్‌షాపు వల్ల. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నరకు పైగా ఉన్నారు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది రేవు కూలీలు, చేతిరిక్షా లాగేవాళ్లు, మిల్లుల్లోనూ రైల్వేలోనూ పనివాళ్లు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు కాలినడకన అడవులు దాటినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. 1943లో అమెరికా విమానాలు ఇన్సేన్ వర్క్‌షాపు మీదే బాంబులు వేశాయి. ఇంజన్లు, వాటిని బాగుచేసే చోటూ రెండూ దెబ్బతిన్న దేశంలో, ఉత్తరాన మొగాంగ్, మిచ్చీనా మధ్య 1944లో మిత్రసేనలు జీపుల టైర్లు విప్పి రైలు చక్రాలు తొడిగి వ్యాగన్లు లాగించాయి. బట్లర్‌లో గీసిన ఏ గీతలోనూ ఈ ఊహ లేదు. కానీ చక్రాన్ని హబ్బు నుంచి విప్పి ఇంకొకటి బిగించగలిగిన అమరిక, తక్కువ వేగంలో ఎక్కువ బలం ఇచ్చే గేరు లేకపోతే అది సాధ్యమయ్యేదీ కాదు.

యుద్ధం ముగిశాక సైన్యాలు వదిలేసిన బండ్లే బర్మా రోడ్లకు దిక్కయ్యాయి. జీపులు టాక్సీలయ్యాయి. కెనడాలో నాలుగు లక్షలకు పైగా తయారైన సైనిక ట్రక్కుల్లో షెవర్లే రకం రంగంలో బస్సులయ్యాయి. ఛాసిస్ మీద బర్మా కలపతో బాడీ కట్టి, పొట్టి ముక్కు అలాగే ఉంచి, బల్లలు వేసి జనాన్ని ఎక్కించారు. ఆ బస్సులు ఈ శతాబ్దంలోకి కూడా వచ్చాయి. 1962లో నె విన్ అధికారం చేజిక్కించుకున్నాక జాతీయీకరణ, దిగుమతుల కట్టడి వచ్చాయి. లక్షల్లో భారతీయులు వెళ్లిపోయారు, విశాఖలో బర్మా క్యాంపు లాంటి పేటలు ఆ వలసతో వెలిసినవే. కొత్త కారు దాదాపు రాని దేశంలో పాత ఛాసిస్ ఆస్తిగా మారింది. జపాన్ పికప్పు ఇంజను, ఇంకెవరి గేరుబాక్సో, స్థానికంగా వంచిన రేకుతో జీపు ఆకారం కట్టడం రంగం, మాండలే షెడ్లలో ఒక వృత్తి అయింది. 1970లో మజ్దా కూడా బర్మా కోసమే పాత్‌ఫైండర్ అనే జీపు తరహా బండిని తెచ్చింది.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ అంటే కంపెనీ ఇచ్చే ఛాసిస్, దానిమీద షెడ్డులో కట్టే బాడీ. ఆ లారీ రూపకర్త ఎవరంటే కంపెనీ పేరు చెప్పడం సగం సమాధానమే. ఇన్సేన్‌లోనే గ్యోగోన్ దగ్గర 1961లో సోవియట్ సాయంతో ఇంజనీరింగ్ కళాశాల వెలిసింది, అక్కడ నక్షా గీయడం నేర్పారు. నక్షా లేకుండా పాత భాగాన్నే కొలిచి కొత్తది తయారుచేసే విద్య మాత్రం లేతు దగ్గర గురువు నుంచి శిష్యుడికి అందింది. బర్మా 1970 డిసెంబరు 6న రోడ్డుకు ఎడమ నుంచి కుడికి మారిన ఉదంతం ఇంకా విడ్డూరం. అమెరికా జీపులకు స్టీరింగు ఎడమవైపు, కెనడా ట్రక్కులకు కుడివైపు. అప్పటిదాకా ఆ రోడ్డుకు తిరకాసుగా ఉన్న జీపు ఒక్క రాత్రిలో సరైన బండి అయింది, సరిగ్గా ఉన్న బస్సు తిరకాసైంది. డ్రైవరు ఎటు కూర్చోవాలన్నది కూడా గీసినవాడి చేతిలో లేకపోయింది.

అభ్యంతరాలు

దీనికి మొదటి అభ్యంతరం ఎవరైనా ఊహించగలిగిందే: మరమ్మతు మరమ్మతే, దాన్ని రూపకల్పన అనడం మాటల గారడీ. చెడిన బేరింగు మార్చడాన్ని నేను కూడా రూపకల్పన అనను. కానీ ట్రక్కును బస్సు చేసినప్పుడు బరువు ఎక్కడ పడుతుందో, కమాన్ కట్టలు ఎంత మోస్తాయో, జనం ఎటు ఎక్కి ఎటు దిగుతారో కొత్తగా తేల్చాలి. 1940 జులైలో ప్రాబ్స్ట్ చేసింది కూడా ఇరుసు ఒకరిది, ఇంజను ఒకరిది తెచ్చి వాటి మధ్య సంబంధం తేల్చడమే. అతని పనిని డిజైను అని ఒప్పుకున్నవాళ్లు రంగం షెడ్డు పనిని కాదనడానికి వేరే కొలబద్ద చూపించాలి. ఆ కొలబద్ద నక్షా కాగితమైతే అది దస్తావేజుల లభ్యతకు సంబంధించిన తేడా, పనిలో తేడా కాదు. బాంటమ్, విల్లీస్ తగవుకు కమిషను ఫైళ్లున్నాయి. బస్సు కట్టిన వడ్రంగికి ఫైలు పుట్టదు.

రెండో అభ్యంతరం బలమైనది. బర్మాలో పాతబండ్లు బతికింది డిజైను గొప్పతనం వల్ల కాదు, దిగుమతుల కట్టడి వల్ల. 2011లో నలభై ఏళ్లు దాటిన కార్లు అప్పగిస్తే కొత్తది దిగుమతి చేసుకునే అనుమతి ఇస్తామనగానే యజమానులు పాతవాటిని తుక్కుకు పంపారు. 2017 జనవరిలో రంగం బస్సు వ్యవస్థ మొత్తం కొత్త ఏర్పాటులోకి మారింది. ప్రేమతో కాక గత్యంతరం లేక నడిపారనడానికి ఇది చాలు. దీన్ని నేను ఒప్పుకుంటాను, కొరతను కళగా కీర్తించే రాతలు నాకూ నచ్చవు. ఆ బస్సుల్లో ప్రయాణించినవాళ్ల నడుములకు ఆ కీర్తన వినిపించదు. అయితే కొరత బండ్లను నడపాల్సిన అగత్యాన్ని వివరిస్తుంది, ఏ బండి ఏ రూపంలోకి మారగలిగిందో వివరించదు. బాడీ, ఛాసిస్ విడివిడిగా ఉన్న ట్రక్కు బస్సయింది, జీపు టాక్సీ అయింది. బాడీయే ఎముకల గూడుగా ఉన్న చిన్న కారు ఎంత మరమ్మతు చేసినా కారుగానే ఉండిపోతుంది. ఆ తేడా డిజైనులోనే ఉంది. ఫిలిప్పీన్స్‌లో దిగుమతుల పరిస్థితి బర్మా లాంటిది కాదు, అయినా అక్కడా మిగులు జీపులు పొడుగు సాగి జీప్నీలనే జనాన్ని మోసే బండ్లయ్యాయి.

మూడోది ప్రాబ్స్ట్ పక్షం ఆవేదన: బతికుండగా దక్కని పేరును ఇప్పుడు వడ్రంగులకూ వెల్డర్లకూ పంచితే అతనికి మిగిలేదేమిటి? నిజానికి అతని వాదాన్ని విల్లీస్ ప్రకటనల కంటే బర్మా షెడ్లే బాగా నిలబెడతాయి. ఆ షెడ్లలో రూస్ ఇంజను ఎప్పుడో పోయింది, ఫోర్డ్ రేకు తుప్పుపట్టి పోయింది, వాటి చోట వేరేవి వచ్చాయి. రెండు ఇరుసులు, మధ్యలో పంపకపు పెట్టె, పైన విడి తొట్టి అనే అమరిక మాత్రం మారలేదు.

తేలని లెక్కలు

రూపం ఎవరి ఆస్తి అన్నది ఇంకా తెగలేదు. మహీంద్రా 1940ల చివరి నుంచి విల్లీస్ అనుమతితో బొంబాయిలో జీపులు బిగించింది, మిత్సుబిషి 1953 నుంచి జపాన్‌లో అదే చేసింది. మహీంద్రా అమెరికాలో రాక్సర్ అనే బండిని అమ్మబోతే, జీపు పేరు అప్పటికి చేతిలో ఉన్న ఫియట్ క్రైస్లర్ 2018లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషనుకు ఎక్కింది. డబ్బాలాంటి బాడీ, బల్లపరుపు బానెట్, నిలువు చీలికల గ్రిల్లు తమ సొత్తని వాదించింది. 2020 జూన్‌లో కమిషన్ ఆ వాదాన్ని సమర్థించింది. మహీంద్రా ముందుభాగం మార్చి మళ్లీ చూపిస్తే అదే ఏడాది డిసెంబరులో సరేనంది. ఆ తర్వాత కూడా వ్యవహారం కోర్టుల్లో సాగింది.

ఈ వ్యాజ్యంలో కాపాడబడినవి ఎక్కువగా ఫోర్డ్ ఖర్చు తగ్గించుకోవడానికి ఎంచుకున్న రేకు వంపులు. ఫోర్డ్ వాటి మీద హక్కు అడగలేదు. ప్రాబ్స్ట్ అమరికను ఎవరైనా వాడుకోవచ్చు, రాక్సర్‌కు కూడా దాన్ని మార్చాల్సిన పని పడలేదు. కంటికి కనిపించే మొహానికి యజమాని ఉండి, దాన్ని మోసే ఎముకలకు లేకపోవడాన్ని డిజైను చరిత్రకారులు ఇంకా సరిగ్గా పట్టించుకోలేదు. రంగం షెడ్డులో కట్టిన జీపును ఈ కొలతతో కొలిస్తే దాని గ్రిల్లు ఒకరిది, ఇంజను ఇంకొకరిది అవుతుంది. దాని కమాన్ కట్ట ఎంత బరువు మోయాలో తేల్చిన మేస్త్రి పేరు రాసుకోవడానికి ఆ తీర్పులో గడి లేదు.